ఎంతమందిని కనాలన్నది ఎవరు తేల్చాలి? సంఘం మీటింగు కోసం అడుగుతున్నా

పాకాల పాఠకురాలు:

అందరికీ నమస్కారం. మా మండలంలో మహిళా సంఘాల మీటింగులో వచ్చే నెల కుటుంబ నియంత్రణ గురించి ఒక గంట మాట్లాడుకోవాలని అనుకుంటున్నాం. ఎప్పుడూ ఏఎన్ఎం వచ్చి మాత్రలు, లూపు, ఆపరేషన్ గురించి చెప్పి వెళ్తుంది, అంతటితో సరి. ఈసారి న్యాయాన్యాయాల సంగతి మాట్లాడదామని సభ్యులే అడిగారు. కారణం అందరికీ తెలిసిందే. ముప్పై ఏళ్లు "ఇద్దరు చాలు" అని గోడల మీద రాయించారు. మూడో బిడ్డ పుడితే సర్పంచి పోటీకి పనికిరావన్నారు. 2024 నవంబరులో ఆ నిబంధన ఎత్తేశారు. ఇప్పుడు ఇంకా కనండని చెప్తా ఉండారు. నిన్నటిదాకా తప్పు, ఈ రోజు ఒప్పు ఎట్లయింది అని ఆడవాళ్లు అడిగితే నా దగ్గర సరైన జవాబు లేదు.

నాకు కావల్సినవి ఇవి. పిల్లలు పుట్టకుండా చూసుకోవడమే పాపం అనే పెద్దవాళ్లకు ఏం చెప్పాలి? ఇంతమందే కనాలి అనో, ఇంకా కనాలి అనో చెప్పే హక్కు ప్రభుత్వానికి ఎంతవరకు ఉంది? వేరే దేశాల్లో ఏం జరిగింది? అన్నిటికంటే ముఖ్యంగా, ఇరవై మూడేళ్లకే ఇద్దరు పిల్లలతో ఆపరేషన్‌కు వెళ్లే అమ్మాయికి ముందుగా ఏం తెలిసుండాలి? ఉపన్యాసాలు వద్దండీ, మీటింగులో చెప్పుకోగలిగినట్టు రాయండి.

జనాభా లెక్కలు:

అమ్మా, ముందు అంకెలతో మొదలుపెడతాను. ఈ విషయంలో సగం వాదనలు అంకెలు తప్పుగా పట్టుకోవడం వల్లే వస్తాయి.

ఒక తరం తన స్థానాన్ని తాను నింపుకోవాలంటే ఒక్కో స్త్రీకి సగటున 2.1 మంది పిల్లలు కావాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశ సగటు 2.0, ఆంధ్రప్రదేశ్‌ది 1.7. అదే సర్వే మొదటి విడత 1992-93లో జరిగినప్పుడు మన రాష్ట్రంలో 2.6 ఉండేది. 1.7ని 2.1తో భాగిస్తే 0.81. అంటే 100 మంది తల్లుల తరం తర్వాత 81 మంది, ఆ తర్వాతి తరంలో 66 మంది. ప్రభుత్వం ఇప్పుడు దిగులుపడుతున్నది దీని గురించే. దిగులు ఉత్తది కాదు. ముసలివాళ్లు పెరిగి, సంపాదించేవాళ్లు తగ్గితే పింఛను ఎవరి డబ్బుతో, మంచం పట్టినవాళ్లకు సేవ ఎవరి చేత్తో అన్నవి నిజమైన ప్రశ్నలు.

మరి జనం ఇంకా పెరుగుతున్నారే అంటారు. అదీ నిజమే. పాతికేళ్ల కిందట ఎక్కువగా పుట్టిన ఆడపిల్లలు ఇప్పుడు తల్లులవుతున్నారు. ఒక్కొక్కరూ ఇద్దర్నే కన్నా, తల్లులే ఎక్కువమంది కాబట్టి పుట్టేవాళ్లూ ఎక్కువ. సగటు 2.1కి దిగాక కూడా ముప్పై నలభై ఏళ్లు జనాభా పెరుగుతూనే ఉంటుంది. బ్రేకు వేసినా లారీ కొంతదూరం పోతుంది కదా, అట్లా.

మీటింగులో బోర్డు మీద వేసి చూపించాల్సిన లెక్క ఒకటుంది. ఇద్దరే పిల్లలనుకోండి. తల్లి సగటున 20 ఏళ్లకు కంటే 60 ఏళ్లలో మూడు తరాలు వస్తాయి. 30 ఏళ్లకు కంటే రెండే. ఎవరి పిల్లల సంఖ్యనూ ముట్టుకోకుండానే వేగం తగ్గింది. మన రాష్ట్రంలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 29 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయిందని అదే సర్వే చెప్పింది. పిల్లలు తగ్గారు కానీ పెళ్లి వయసు పెరగలేదు. అందుకే ఇరవై మూడేళ్లకే కాన్పులూ, ఆపరేషనూ అన్నీ అయిపోతున్నాయి. ఆంధ్రప్రదేశ్ కథలో ఎవరూ గట్టిగా మాట్లాడని భాగం ఇదే అని నా అభిప్రాయం.

చట్టం చదువరి:

ప్రభుత్వ హక్కు సంగతి నేను చెప్తాను. ప్రపంచంలో మొదటగా ప్రభుత్వ కార్యక్రమంగా కుటుంబ నియంత్రణ పెట్టింది మన దేశమే, 1952లో. మొదట్లో సలహా, సామగ్రి ఇవ్వడమే. ఎప్పుడైతే జిల్లాకింత, ఉద్యోగికింత అని టార్గెట్ వచ్చిందో అప్పుడే దారి తప్పింది. ఎమర్జెన్సీలో 1976-77 ఒక్క ఏడాదిలో 82 లక్షల పైచిలుకు ఆపరేషన్లు చేశారు, అందులో సుమారు 62 లక్షలు మగవాళ్లవి. కోటా తేలేదని ఉద్యోగుల జీతాలు ఆపారు. ఆ ఆపరేషన్ల తర్వాత చనిపోయినవాళ్లు 1,774 మంది అని, ఎమర్జెన్సీ అక్రమాల మీద విచారణ జరిపిన షా కమిషన్ లెక్కతేల్చింది. 1977లో ఆ ప్రభుత్వం ఓడిపోయింది. కార్యక్రమం పేరు 'కుటుంబ నియంత్రణ' నుంచి 'కుటుంబ సంక్షేమం' అయింది.

దాని వల్ల జరిగిన రెండో అన్యాయం ఇంకా నడుస్తోంది. ఎమర్జెన్సీలో బలవంతం ఎక్కువగా మగవాళ్ల మీద జరిగింది కాబట్టి ఆ తర్వాత ఏ ప్రభుత్వమూ మగవాళ్ల జోలికి వెళ్లలేదు. బరువంతా ఆడవాళ్ల మీదికి జరిగింది. 2019-21 సర్వేలో మన రాష్ట్రంలో పెళ్లయిన స్త్రీలలో ఆపరేషన్ అయినవాళ్లు 69.6 శాతం. భర్త ఆపరేషన్ చేయించుకున్నది 0.4 శాతం. ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసి పెట్టండి, చర్చ దానంతట అదే మొదలవుతుంది.

ఇద్దరు పిల్లల నిబంధన 1994 పంచాయతీరాజ్ చట్టం 19(3)లో ఉండేది. చట్టం వచ్చాక ఏడాది గడువిచ్చి, 1995 మే 30 తర్వాత మూడో బిడ్డ పుడితే పోటీకి అనర్హత అన్నారు. హరియాణాలో ఇలాంటి నిబంధననే సుప్రీంకోర్టు 2003లో సమర్థించింది. పోటీ చేయడం చట్టం ఇచ్చిన అవకాశమే తప్ప ప్రాథమిక హక్కు కాదన్నది. చట్టపరంగా చెల్లింది. న్యాయంగా చెల్లిందా? నిర్మలా బుచ్ ఐదు రాష్ట్రాల్లో, మన రాష్ట్రం సహా, చేసిన అధ్యయనంలో బయటపడిందేమిటంటే పదవి కోసం గర్భం తీయించడం, ఆడపిల్లను దత్తతకు ఇచ్చేయడం, భార్యను వదిలేయడం, బిడ్డ తనది కాదనడం. శిక్ష వేసింది సర్పంచి అభ్యర్థికి, పడింది భార్య మీద, బిడ్డ మీద. పైగా ఎస్సీ, ఎస్టీలు, ఆడవాళ్లు ఎక్కువగా దెబ్బతిన్నారు.

ఆ తర్వాత 2009లో సుప్రీంకోర్టు, బిడ్డను కనాలా వద్దా అన్నది రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని స్పష్టంగా చెప్పింది. గుర్తుపెట్టుకోవాల్సింది 'వద్దా' అన్న సగం ఒక్కటే కాదు, 'కనాలా' అన్న సగం కూడా. ఆ లెక్కన నిబంధన ఎత్తేయడం సరైనదే. కానీ 'ఇక కనండి' అనడం మళ్లీ అదే తప్పుకు ఇంకో ముఖం.

పలమనేరు తమ్ముడు:

అన్నా, వినడానికి బాగుంది గానీ, ఒత్తిడి లేకుండా 2.6 నుంచి 1.7కి వచ్చేదా? చైనా గట్టిగా పట్టుకుంది కాబట్టి బాగుపడింది, మనం మెత్తగా ఉన్నాం కాబట్టి ఇట్లా ఉన్నాం అని అందరూ అంటారు. ఇంకొకటి, ఆపరేషన్‌కు డబ్బులిస్తే అది బలవంతం ఎట్లవుతుంది? ఇష్టముంటే తీసుకుంటారు, లేకపోతే లేదు.

జనాభా లెక్కలు:

తమ్ముడూ, చైనా అంకెలు చూడు. 1970 ప్రాంతంలో అక్కడ ఒక్కో స్త్రీకి దాదాపు 5.8 మంది పిల్లలు. 1979 నాటికి 2.8 దగ్గరికి వచ్చేసింది. ఒకే బిడ్డ విధానం వచ్చింది దాని తర్వాత. అంటే పెద్ద దిగుడు అంతా 'ఆలస్యంగా పెళ్లి, కాన్పుల మధ్య ఎడం, తక్కువమంది పిల్లలు' అన్న కాలంలోనే అయిపోయింది. అప్పుడూ ఒత్తిడి లేదని నేననను. కానీ ఒకే బిడ్డ అన్న కఠిన నియమానికి ఆ ఘనత దక్కదు. 1983లో ఒక్క ఏడాదిలో రెండు కోట్లమందికి పైగా ఆపరేషన్లు చేశారు. కొడుకు కోసం ఆడపిండాలను తీసేయడంతో మగపిల్లలకూ ఆడపిల్లలకూ మధ్య నిష్పత్తి ఘోరంగా చెడింది. 2016 నుంచి ఇద్దరు, 2021లో ముగ్గురు అన్నారు. జనం కదల్లేదు. 2022 నుంచి జనాభా తగ్గుతోంది.

ఒత్తిడి లేకుండా దిగిన చోటు చూడాలంటే దూరం పోనక్కర్లేదు, కేరళ. 1980ల చివరికే 2.1 దగ్గరికి వచ్చేసింది. ఆడపిల్లల చదువు, పుట్టిన బిడ్డ బతుకుతుందన్న నమ్మకం, నడిచి వెళ్లగలిగే దూరంలో ఆసుపత్రి, ఈ మూడూ అక్కడ ముందే ఉన్నాయి. (1971లో ఎర్నాకుళంలో పెద్ద వేసెక్టమీ (మగవాళ్ల ఆపరేషన్) క్యాంపు పెట్టి 60 వేలకు పైగా ఆపరేషన్లు చేశారు, కానుకలు కూడా ఇచ్చారు. అది దేశానికంతా పేరుపడ్డ క్యాంపు. కేరళ దిగింది మాత్రం క్యాంపుల వల్ల కాదు.) బంగ్లాదేశ్‌లో గడప దాటి రాలేని ఆడవాళ్ల ఇంటికే కార్యకర్తలు మాత్రలు, ఇంజెక్షన్లు తీసుకెళ్లారు. ఇరాన్ 1989లో మతపెద్దల ఆమోదంతోనే కార్యక్రమం పెట్టింది. పెళ్లికి ముందు తరగతులు, పల్లె ఆరోగ్య కేంద్రాలు. 1980ల మధ్యలో ఆరు దాటి ఉన్నది 2000 నాటికి రెండుకు దిగింది.

ఎదురు వైపు రుమేనియా ఉంది. 1966లో గర్భస్రావాన్ని నిషేధించారు, గర్భనిరోధకాలు దొరక్కుండా చేశారు. సగటు 1.9 నుంచి ఒక్క ఏడాదిలో 3.7కి ఎగిరింది. జనం దొంగదారులు వెతుక్కోగానే కొన్నేళ్లలో మళ్లీ దిగింది. మిగిలిందేమిటంటే నాటు గర్భస్రావాలతో చచ్చిపోయిన వేలమంది తల్లులు, అనాథాశ్రమాలు నిండా వదిలేసిన పిల్లలు. 1989 డిసెంబరులో ప్రభుత్వం కూలగానే మొదట రద్దు చేసినవాటిలో ఈ చట్టం ఒకటి. డబ్బులిచ్చి పిల్లల్ని కనేలా చేయడం కూడా అంత తేలిక కాదు. దక్షిణ కొరియా ఎంతో ఖర్చుపెట్టినా 2023లో 0.72 దగ్గర ఉంది.

డబ్బుల సంగతి. కూలి పోయినందుకు పరిహారం ఇవ్వడం వేరు, ఆశ చూపడం వేరు. వారం రోజులు పని మానుకోవాలి, దానికి వారం కూలి ఇస్తే అది పరిహారం. కరవు నెలలో చేతికి అంత డబ్బు వేరే ఏ దారిలోనూ రానప్పుడు ఇస్తే ఆ మనిషి ఆపరేషన్‌ను ఎంచుకోలేదు, బియ్యాన్ని ఎంచుకున్నాడు. గుర్తు పట్టడానికి ఒక పరీక్ష ఉంది. ఆ డబ్బు లూపుకూ, మాత్రలకూ, ఏమీ వద్దన్నవాళ్లకూ తేడా లేకుండా ఉందా, లేక తిరిగి రాని పద్ధతికే ఎక్కువుందా? తిరిగి రానిదానికే ఎక్కువిస్తుంటే అది సంఖ్య కోసం ఇస్తున్నట్టు. తీసుకొచ్చినవాళ్లకు తలకింత అని ఇస్తుంటే ఇంకా అనుమానించాలి.

వార్డు సిస్టర్:

మేడమ్, మీ నాలుగో ప్రశ్నకు నేను రాస్తాను. నర్సింగ్ పిల్లలకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నా. కొంచెం పొడవు అవుతుంది, ఓపిగ్గా చదవండి.

మొదట సంతకం. నొప్పులు పడుతున్న మనిషి చేతికి కాగితం ఇచ్చి వేలిముద్ర వేయించుకుంటే అది ఒప్పుకోలు కాదు. కాన్పు వెంటనే ఆపరేషన్ అనుకుంటే, ఏడు ఎనిమిది నెలల్లో చెకప్‌కు వచ్చినప్పుడే మాట్లాడి, ఇంటికెళ్లి ఆలోచించుకోనిచ్చి, అప్పుడు రాయించాలి. మత్తులో, నొప్పిలో, భయంలో ఉన్నప్పుడు తీసుకోకూడదని జాతీయ ప్రమాణాల్లోనే ఉంది. కాగితం ఆమెకు వచ్చే భాషలో ఉండాలి. చదువు రాకపోతే చదివి వినిపించాలి. మన బార్డర్ ఊళ్లలో తమిళం మాట్లాడే ఇళ్లు ఉంటాయి, వాళ్లకు తెలుగు కాగితం చదివి సరిపెట్టకూడదు. భర్త సంతకం అవసరం లేదు. థియేటర్ బల్ల ఎక్కాక వద్దన్నా ఆపేయాలి. వద్దన్నందుకు రేషన్, పింఛను, కాన్పు వైద్యం ఏదీ ఆగదని ఆ కాగితం మీదే రాసి ఉంటుంది. ఈ ఒక్క లైను మీటింగులో రెండుసార్లు చదవండి.

అర్హత: పెళ్లయి ఉండాలి, వయసు 22 దాటి 49 లోపు, కనీసం ఒక బిడ్డ ఉండి ఆ బిడ్డకు ఏడాది నిండి ఉండాలి. ఏడాది నిండాలన్న నియమం ఎందుకంటే పసిబిడ్డల చావులు ఎక్కువగా మొదటి ఏడాదిలోనే. ఆపరేషన్ అయ్యాక బిడ్డ పోతే నాళాలు తిరిగి కలిపే ఆపరేషన్ ఉంది కానీ, అది పెద్దది, గర్భం వస్తుందన్న హామీ లేదు, వచ్చినా నాళంలోనే పెరిగే ప్రమాదం ఉంది. కాబట్టి 'తర్వాత కావాలంటే విప్పించుకోవచ్చు' అని ఎవరైనా చెప్తే నమ్మొద్దని చెప్పండి. ఇది శాశ్వతం అని తెలుగులో, సూటిగా చెప్పాలి.

ఆపరేషన్ ముందు హిమోగ్లోబిన్ కనీసం 7 ఉండాలి. బీపీ, మూత్రంలో చక్కెర, ఆల్బుమిన్ చూడాలి. కాన్పు వెంటనే కాకపోతే గర్భం లేదని పరీక్ష చేయాలి. ఆపరేషన్ ఫెయిలైంది అనేవాటిలో కొన్ని నిజానికి అప్పటికే కడుపుతో ఉన్నవి. కాన్పు అయిన ఏడు రోజుల్లోపు అయితే బొడ్డు కింద చిన్న కోతతో చేస్తారు. ఆ గడువు దాటితే ఆరు వారాలు ఆగాలి. నాళాన్ని మడిచి పైకి లేపి, కరిగిపోయే దారంతో కట్టి, మడత కోసేస్తారు. లాప్రోస్కోపీలో, అంటే చిన్న రంధ్రం నుంచి సన్నని గొట్టం లాంటి పరికరం (లాప్రోస్కోపు) పంపి చేసేదానిలో, నాళానికి రింగు వేస్తారు. అంతా సరిగ్గా చేసినా వెయ్యిమందిలో ఐదుగురికి గర్భం రావచ్చు. అందుకే ఆపరేషన్ అయినవాళ్లకు నెల తప్పితే 'మనకేముందిలే' అని ఊరుకోకూడదు, రెండు వారాల్లో ఆసుపత్రికి రావాలి. గర్భం నాళంలో ఉంటే పొట్టలో రక్తం పోయి ప్రాణం మీదికి వస్తుంది. ఫెయిలైనా, ఇబ్బంది వచ్చినా ప్రభుత్వ పరిహారం ఉంది. తెలిసిన 90 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. డిశ్చార్జి కాగితం, సర్టిఫికెట్ లేకపోతే నడవదు. వాటిని ఆధార్ కార్డు దాచినంత భద్రంగా దాచుకోమనండి.

క్యాంపుల గురించి ఒక మాట. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్ దగ్గర ఒక్క సర్జన్ కొన్ని గంటల్లో 83 మందికి చేశారు. పదముగ్గురు తల్లులు చనిపోయారు. ఆరు గంటలు వేసుకున్నా ఒక్కొక్కరికి నాలుగున్నర నిమిషాలు కూడా రావు. లాప్రోస్కోపును ఒకరి నుంచి ఇంకొకరికి వాడేముందు గ్లూటరాల్డిహైడ్ ద్రావణంలో 20 నిమిషాలు నానబెట్టాలి. అందుకే ఒక పరికరంతో రోజుకు పది, మూడు పరికరాలతో ముప్పై మించకూడదని నియమం. 83 అన్న అంకె చూడగానే శుభ్రం చేయలేదని థియేటర్‌లో పనిచేసే ఎవరికైనా తెలిసిపోతుంది. 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఈ క్యాంపులను మూడేళ్లలో ఆపేయమంది. మీ ఊరివాళ్లు అడగాల్సిన ప్రశ్న: ఈ రోజు ఎంతమందికి చేస్తున్నారు, ఎన్ని పరికరాలున్నాయి?

ఇక ఆ ఇరవై మూడేళ్ల అమ్మాయి. ఆమెకు ఆపరేషన్ ఒక్కటే దారి అని చెప్పడమే మన రాష్ట్రంలో జరిగే పెద్ద పొరపాటు. కాన్పు అయిన 48 గంటల్లోపే కాపర్-టీ (లూపు) వేయించుకోవచ్చు. 380ఏ రకం పదేళ్లు పనిచేస్తుంది, తీసేస్తే ఆ నెల నుంచే గర్భం రావచ్చు. మొదటి మూడు నాలుగు నెలలు రక్తస్రావం, నొప్పి ఎక్కువుంటాయి. అది ముందే చెప్పకపోతే భయపడి తీయించేసుకుంటారు. 'అంతర' అనే గర్భనిరోధక ఇంజెక్షన్ మూడు నెలలకొకసారి, వేసిన చోట రుద్దకూడదు. నెలసరి చెదిరిపోవడం, ఆగిపోవడం మామూలే, చెడు రక్తం లోపల నిలబడిపోతుందన్నది ఉత్తమాట. మానేశాక గర్భం రావడానికి ఏడు నుంచి పది నెలలు పట్టొచ్చు, కాబట్టి ఏడాదిలో బిడ్డ కావాలనుకునేవాళ్లకు సరిపడదు. ఛాయా మాత్రలో హార్మోన్ లేదు, లక్నో ప్రభుత్వ పరిశోధన సంస్థలో తయారైంది. మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆదివారం వేసుకుంటే రెండోది బుధవారం, తర్వాత వారానికి ఒకటి. పాలిచ్చే తల్లులూ వాడొచ్చు. హార్మోన్ ఉండే మాలా-ఎన్ మాత్రలు మాత్రం పాలిచ్చేవాళ్లు మొదటి ఆరు నెలలు వేసుకోకూడదు.

చివరిగా మగవాళ్లది. కోత లేదు, కుట్టు లేదు. మత్తు సూది వేసి, చర్మానికి చిన్న రంధ్రం చేసి, వీర్యనాళాన్ని బయటికి లాగి కట్టి కత్తిరించి లోపలికి పంపేస్తారు. పది పదిహేను నిమిషాలు. అర్ధగంట కూర్చుని ఇంటికి పోవచ్చు. రెండు రోజులు బిగుతైన లంగోటా, వారం బరువులెత్తడం, సైకిల్ తొక్కడం మానాలి. పొట్ట తెరిచే ఆడవాళ్ల ఆపరేషన్ కంటే అన్ని విధాలా చిన్నది. మగతనం పోతుందన్న భయానికి జవాబు: మగ హార్మోన్ రక్తంలో కలిసి ఒళ్లంతా పోతుంది, ఆ నాళంలో పోదు. తెగింది వీర్యకణాల దారి ఒక్కటే. కానీ ఆ రోజు నుంచే పనిచేయదు. మూడు నెలలు నిరోధ్ వాడి, ఆ తర్వాత వీర్య పరీక్షలో కణాలు లేవని తేలాకే మానాలి. ఫెయిలైంది అనేవాటిలో ఎక్కువ ఈ మూడు నెలలు ఆగకపోవడం వల్లే. అప్పుడు అనుమానం భార్య మీదికి పోతుంది, ఇళ్లు కూలిపోతాయి. ఈ మాట మగవాళ్లు వింటుండగా చెప్పాలి.

మైసూరు రోడ్డు:

పెద్దవాళ్ల 'పాపం' మాట మిగిలిపోయింది. కళ్యాణకట్టలో పుట్టువెంట్రుకలు తీయించడానికి ఎంతో దూరం నుంచి జనం వచ్చే ఊరు మన తిరుపతి. పిల్లలంటే మనకెంత ప్రాణమో ఎవరూ చెప్పక్కర్లేదు. 'అపుత్రస్య గతిర్నాస్తి' అన్నవాళ్లే, కన్నవాణ్ని పెంచి ప్రయోజకుణ్ని చేయకపోతే తండ్రిదే తప్పు అని కూడా అన్నారు. కనడం ఒక్కటే ధర్మమని ఎవరూ అనలేదు.

ఆధునిక కాలంలో మన దగ్గరే ఈ వాదన లోతుగా జరిగింది. మైసూరు సంస్థానం 1930లోనే ప్రభుత్వ గర్భనిరోధక క్లినిక్‌లు పెట్టింది. 1935 డిసెంబరులో అమెరికాలో గర్భనిరోధం కోసం ఉద్యమం నడిపిన మార్గరెట్ సాంగర్ వార్ధా వచ్చి గాంధీజీతో వాదించింది. ఆయన పరికరాలు వద్దు, నిగ్రహమే దారి అన్నారు. గాంధీజీ భయం తేలిగ్గా తీసేయదగింది కాదు, మగవాడి కోరికకు ఇంకా అదుపు లేకుండా పోతుందన్నది ఆయన బాధ. కానీ నిగ్రహం పాటించని భర్త ఉన్న ఇంట్లో ఆడమనిషికి ఆ సలహా ఏం చేస్తుంది? దానికి మన పక్క రాష్ట్రంలో పెరియార్ 1930ల్లో జవాబు చెప్పారు. మిగతావాళ్లు ఆరోగ్యం కోసమో, పేదరికం కోసమో గర్భనిరోధం అడుగుతున్నారు, నేను స్త్రీ స్వేచ్ఛ కోసం అడుగుతున్నాను అన్నారు. ఆ తేడా చాలా పెద్దది. పేదరికం కోసమైతే, దేశం ధనికమైన రోజు 'ఇక కనండి' అనొచ్చు. మన రాష్ట్రంలో ఇప్పుడు జరుగుతున్నది సరిగ్గా అదే. 1938లో బొంబాయి శాసనసభలో అంబేడ్కర్ పార్టీ గర్భనిరోధానికి అనుకూలంగా తీర్మానం పెట్టింది, వీగిపోయింది.

మీ సంఘంలో ముస్లిం, క్రైస్తవ సభ్యులుంటే వాళ్ల మాటా వినండి. ఇస్లాంలో గర్భం రాకుండా జాగ్రత్తపడటాన్ని గజాలీ వంటి పండితులు ఎప్పుడో అనుమతించారు, శాశ్వత ఆపరేషన్ విషయంలోనే అభ్యంతరం ఎక్కువ. అలాంటివాళ్లకు లూపు, ఇంజెక్షన్ మాట ముందు చెప్పాలి. కేథలిక్కులకు 1968లో పోప్ ఆరో పాల్ కృత్రిమ పద్ధతులన్నీ వద్దన్నారు, సురక్షిత రోజుల పద్ధతి ఒప్పుకున్నారు. నెలసరి 26 నుంచి 32 రోజుల మధ్య క్రమంగా వచ్చేవాళ్లు 8వ రోజు నుంచి 19వ రోజు దాకా దూరంగా ఉండాలి. నెలసరి అటూ ఇటూ అయ్యేవాళ్లకు ఇది పనికిరాదు. నమ్మకాన్ని ఎగతాళి చేయకుండా, ఆ నమ్మకంలో ఉన్న దారిని సరిగ్గా చెప్పడమే మర్యాద.

పాకాల పాఠకురాలు:

అందరికీ చాలా థాంక్స్. సిస్టర్, మీ జవాబు ప్రింటు తీసి పెట్టుకున్నా. ఇంకొక్కటి. తక్కువ కన్నందుకు మనకు ఎంపీ సీట్లు తగ్గుతాయంట, అందుకైనా కనాలి అని ఒకామె వాదిస్తోంది. ఏం చెప్పమంటారు?

చట్టం చదువరి:

ఆమె కోపం న్యాయమైనదే, దారి తప్పు. 1976లో 42వ సవరణతో లోక్‌సభ సీట్ల పంపకాన్ని 1971 జనాభా లెక్క మీద ఆపేశారు, జనాభా తగ్గించుకున్న రాష్ట్రాలు నష్టపోకూడదనే. 84వ సవరణ దాన్ని 2026 తర్వాత జరిగే మొదటి జనగణన దాకా పొడిగించింది. ఆ జనగణన లెక్క తేదీ 2027 మార్చి 1. కాబట్టి ఆ తేదీ తర్వాత పుట్టే బిడ్డ ఆ లెక్కలో ఉండనే ఉండదు. డబ్బు పంపకంలో 15వ ఆర్థిక సంఘం జనాభా అదుపుకు 12.5 శాతం మార్కులు ఇచ్చింది. అంటే కాగితం మీద సర్దుబాటు చేయడానికి దారులున్నాయి. ఎంపీలను నిలదీయాల్సిన విషయాన్ని ఒక తల్లి కడుపు మీద పెట్టకూడదని చెప్పండి.

వార్డు సిస్టర్:

మేడమ్, మీటింగుకు వారం ముందే ప్రైమరీ హెల్త్ సెంటర్‌లో అడిగి ఖాళీ ఒప్పుకోలు ఫారం ఒకటి తెచ్చుకోండి. చదువొచ్చిన ఒక అమ్మాయి చేత లైను లైనుగా చదివించండి. ప్రతి లైను దగ్గర ఆపి 'ఇది మీకెవరైనా చెప్పారా' అని అడగండి. అత్తలనూ కూర్చోబెట్టండి, వీలైతే భర్తల్లో నలుగురైదుగురిని కూడా. ఏఎన్ఎంను పిలవండి గానీ, ఆ రోజు ఎవరి పేరూ రాసుకోవద్దని ముందే చెప్పి పెట్టండి.